చివరి ముక్క గేటమ్మది

ఆ జ్వరాల వేసవిలో మా సంఘంలో అందరికీ అన్నీ అందాయని మా ప్రెసిడెంటు ఇప్పటికీ చెప్పుకుంటాడు. ఆ మాట చెవిన పడగానే చేతిలో ఏముంటే అది కింద పెట్టేస్తాను. పెట్టకపోతే విసిరేస్తానేమోనని నాకే భయం.

మా సంఘానికి పెద్ద పేరేదో ఉంది, హాలు గోడ మీద రంగుతో రాసి ఉంటుంది. మేం మాత్రం తోడు సంఘం అంటాం. పని ఒక్కటే. పెద్దాసుపత్రిలో ఎవరూ లేని రోగి ఉన్నాడని కబురొస్తే మాలో ఒకరు వెళ్లి ఆ మంచం పక్కన కూర్చుంటాం. మందులివ్వం, ఉపన్యాసాలివ్వం. కూర్చుంటాం, అంతే. దర్జీ కూర్చుంటే రోగి చొక్కాకు ఊడిన గుండీలు కుడతాడు. రిటైరైన కాంపౌండరు గారు కూర్చుంటే తనకు తెలిసిన డాక్టర్ల మీద చాడీలు చెప్పి నవ్విస్తాడు. నేను ఏదో ఒకటి చదివి వినిపిస్తాను.

నేను బడి మొహం చూడలేదు. కొట్లో పొట్లాలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. అందుకని నలుగురికీ చదవాల్సింది ఏదైనా సరే, చాలా రోజులు ముందుగానే, సాయంత్రాలు వరండాలో కూర్చుని ఒకసారి పైకి చదువుకుంటాను. తడబడితే ఇంట్లోనే తడబడాలని. ఎవరికీ హాని చెయ్యని అలవాటు అనుకునేదాన్ని.

ఇంట్లో ఇద్దరమే, నేనూ మా ఆయన అక్కా. నేను వదినా అంటాను. ఆవిడ నన్ను ఈ వయసులో కూడా పిల్లా అనే పిలుస్తుంది. ఆయన పోయాక, "నువ్వొక్కదానివీ ఎక్కడుంటావు, నేనొక్కదాన్నీ ఎక్కడుంటాను" అని ట్రంకుపెట్టె పట్టుకుని వచ్చేసింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పనిచేసి రిటైరైన మనిషి. ఒకప్పుడు ఊళ్లకు ఊళ్లు కలిపిన చేతులవి. నాకేమో గుమ్మం దాటి వెళ్లేవాళ్లను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడటం జబ్బు. మా ఇంట్లోంచి పోయినవాళ్లెవరూ చెప్పి పోలేదు మరి. వదిన పాల ప్యాకెట్టుకు వెళ్లినా సరే, తిరిగొచ్చేదాకా తలుపు దగ్గరే నిలబడతాను. "కాపలా కుక్కవే నువ్వు" అని తిట్టేది. తిట్టినా మలుపు దగ్గర ఆగి ఓసారి వెనక్కి చూసేది.

ఆ వేసవిలో జ్వరాలు మొదలయ్యాయి. హాలుకు తాళం పడింది. ఆసుపత్రిలోకి బయటివాళ్లెవరినీ రానివ్వడం మానేశారు. ఎవరూ ఎవరి పక్కనా కూర్చోకూడదని ఉత్తర్వు. కూర్చోవడమే పనిగా పెట్టుకున్న సంఘం మాది.

ప్రెసిడెంటుకు మెయిన్ రోడ్డులో కళ్లజోళ్ల దుకాణం ఉంది. మంచివాడే. చెడ్డవాడైతే నాకింత కోపం ఉండేది కాదు. ఎక్కడ ఖాళీ కనబడినా దాన్ని సందడితో నింపకపోతే ఊపిరాడని మనిషి. సభ్యుల్లో ఉత్సాహం చల్లారకూడదని ఫోనులో అందరినీ ఒక గ్రూపు చేశాడు. అందులో రోజుకో పోటీ పెట్టేవాడు. పూలకుండీల ఫొటోలు ఒకరోజు, చిన్ననాటి ఫొటో ఎవరిదో కనిపెట్టడం ఇంకోరోజు. దర్జీ తన చిన్నప్పటి ఫొటో పెడితే ముగ్గురు మేకపిల్ల అని రాశారట. పోటీలో పాల్గొన్నవాళ్లందరికీ బొటనవేలు బొమ్మ వచ్చేది. పెద్ద తెర ఫోను వదినకు ఉంది. నాకూ గేటమ్మకూ ఉన్నవి బొత్తాల ఫోన్లు. మాకు వేలు కూడా లేదు.

గేటమ్మ అంటే ఒకప్పుడు రైలు గేటు దగ్గర ఉద్యోగం చేసిన మనిషి. రైళ్ల రొదలో బతికి బతికి గొంతు పెద్దదైపోయింది. ఫోను ఎత్తితే హలో అనదు. "గేటెత్తాను, రా" అంటుంది. మాటలైపోయాక "వేస్తున్నా" అని పెట్టేస్తుంది. మేడ మీద ఒంటి గదిలో ఉంటుంది. స్నానాల గది బయట, నాలుగు మెట్లు దిగి వెళ్లాలి. వెనకా ముందూ ఎవరూ లేరు. హాలుకు తాళం పడ్డాక ఒకరోజు ఫోను చేసింది.

"కథలమ్మా, నా గది గోడకు ఎన్ని బీటలున్నాయో తెలుసా నీకు?"

"నాకెలా తెలుస్తుంది?"

"నాకు తెలుసు. ఒక్కోదానికి పేరు పెట్టాను. పొడుగ్గా ఉన్నది మీ ప్రెసిడెంటు."

నవ్వాను గానీ ఆ రాత్రి అన్నం సహించలేదు. బీటలకు పేర్లు పెట్టుకునే స్థితికి వచ్చిందంటే ఆ మనిషితో మాట్లాడేవాళ్లు లేరన్నమాట. రోజూ నేను ఒక్కదాన్నే ఫోను చేస్తే జాలి అనుకుంటుంది. జాలి పడితే గేటు వేసేసే రకం.

నా దగ్గర అట్ట లేని నవల ఒకటి ఉంది, పాత కాగితాల బండిలో దొరికింది. ఓడ నడిపే సరంగు భార్య కథ. మొగుడు పోయాడని ఏడుస్తూ కూర్చోకుండా, అతని ఓడను ముంచింది ఎవరో తేల్చుకోవడానికి బయల్దేరుతుంది. ఆ పుస్తకాన్ని చూస్తుంటే తోచింది. పొద్దున్నే ఒక అధ్యాయం తీసుకుని ముక్కలు చేశాను. మొదటి ముక్క దర్జీకి ఫోను చేసి చదివాను. రెండోది కాంపౌండరు గారికి. అలా ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క. ఎవరి ముక్క వాళ్ల దగ్గరే ఉంటుంది. మిగతా కథ కావాలంటే మిగతావాళ్లకు ఫోను చేసి అడుక్కోవాల్సిందే. చివరి ముక్క మాత్రం ఏ రోజైనా గేటమ్మదే. అంటే అధ్యాయం ఎలా ముగిసిందో తెలియాలంటే సాయంత్రానికి అందరూ ఫోనులోనే ఆమె గుమ్మం తొక్కాలి.

"నాకే ఎందుకు చివరిది?" అని అడిగింది.

"గేటు నీ చేతిలో ఉంటే నాకు నిశ్చింత."

"సరే, చదువు. మెల్లిగా చదువు. గుమాస్తా ఉన్నాడుగా, ఓడల కంపెనీ గుమాస్తా, వాడి మీద నాకు అనుమానంగా ఉంది" అంది.

వారం తిరిగేసరికి సంఘం సంఘంలా అయింది. దర్జీ తన ముక్కలో లేని బట్టలు కుట్టేవాడు. సరంగు భార్యకు నీలం అంచు, పోలీసాయనకు ఇత్తడి గుండీలు. "పుస్తకంలో ఉందా నాయనా అది?" అంటే, "లేకపోతే ఏంటమ్మా, చలికాలం కథ, ఆవిడ వణకదా?" అనేవాడు. కాంపౌండరు గారు తన ముక్కలో ఎవరికి దెబ్బ తగిలినా కట్టు కట్టకుండా వదిలేవాడు కాదు. గేటమ్మ అయితే చివరి ముక్క ఊరికే ఇచ్చేది కాదు. ముందు నువ్వేం తిన్నావు, మీ ఆవిడ దగ్గు తగ్గిందా, అద్దె వాళ్లు ఖాళీ చేశారా అని అన్నీ రాబట్టుకుని అప్పుడు గేటు ఎత్తేది. సాయంత్రమైతే ఆమె ఫోను కలిసేది కాదు, అందరూ ఆ లైన్లోనే. కలవకపోతే నాకెంత హాయిగా ఉండేదో.

ప్రెసిడెంటుకు తెలిసింది. వదిన ఫోనులోంచి నాతో మాట్లాడాడు.

"అమ్మగారూ, అద్భుతంగా ఉందట మీ చదువు. కానీ ఇదేం పద్ధతండీ, మనిషికో ముక్కా? మొత్తం ఒకేసారి రికార్డు చేసి గ్రూపులో పెడదాం. అందరికీ అందుతుంది."

"అందకూడదనేనండీ ముక్కలు చేసింది."

పకపకా నవ్వాడు. నేను హాస్యమాడాననుకున్నాడు. నేను హాస్యమాడలేదని విడమర్చి చెప్పబోతే, "మీరు భలే మాట్లాడతారండీ" అని పెట్టేశాడు. వదిన కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు గానీ పట్టించుకోలేదు.

ఆ తర్వాత నాకే జ్వరం వచ్చింది.

వదిన నన్ను వెనక గదిలో పెట్టింది. గుమ్మం దగ్గర స్టూలు మీద కంచం పెట్టి, దూరంగా జరిగి, నేను తినేదాకా చూస్తూ నిలబడేది. ఈసారి కాపలా ఆవిడది. ఒళ్లు కాలిపోతున్నా నాకు ఒకటే ధ్యాస.

"వదినా, గేటమ్మకు ఫోన్లు వెళ్తున్నాయా?"

"అందరికీ అన్నీ అందుతున్నాయి. నోరు మూసుకుని పడుకో."

"దర్జీకి చెప్పు, నేను చదవకపోయినా ఆమెకు చెయ్యమని."

"అందుతున్నాయన్నానా? నీ గొంతుకు విశ్రాంతి కావాలి పిల్లా. అంతా నేను చూసుకుంటున్నాను."

వదిన చూసుకుంటానంటే చూసుకుంటుంది. ఆ నమ్మకంతో కళ్లు మూసుకున్నాను. ఒకరోజు మగత నిద్రలో గోడకు అవతల నుంచి నా గొంతే వినిపించింది. సరంగు భార్య రేవులో దిగడం, గుమాస్తా తలుపు చాటుకు తప్పుకోవడం, అంతా నేనే చదువుతున్నాను. రేవు అనే చోట తడబడి, మళ్లీ వెనక్కి వెళ్లి సరిచేసుకుని చదువుతున్నాను. మంచం మీదున్నదాన్ని ముందు గదిలో ఎలా చదువుతున్నానా అని భయమేసి, జ్వరం తలకెక్కిందనుకున్నాను. దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

జ్వరం దిగిన రోజు పొద్దున్నే నా ఫోను తీసి గేటమ్మకు చేశాను. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ. స్నానానికి దిగిందేమో అనుకుని కాసేపు ఆగి మళ్లీ చేశాను. అప్పుడు దర్జీకి చేశాను.

"అమ్మా, లేచారా? గొంతు నీరసంగా ఉంది."

"గేటమ్మ ఎలా ఉంది?"

"బాగానే ఉండుంటుంది."

"ఉండుంటుందేంటి? నిన్న చివరి ముక్క నీకు ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పడమేంటమ్మా? ఫోనులో మొత్తం వచ్చేస్తోందిగా. మీ గొంతే. మీకు జ్వరమైనా ఇంత ఓపిగ్గా ఎలా చదువుతున్నారా అని మా ఇంట్లో అనుకుంటున్నాం కూడా."

"మొన్న?"

"మొన్న కూడా వచ్చింది. అంతకు ముందు కూడా. మీరు పడుకున్నప్పట్నుంచీ రోజూ..." అని ఆగాడు. అతనికీ అర్థమైనట్టుంది. "అమ్మా, నేను ఆమెతో మాట్లాడి..."

"లెక్కపెట్టకు. వెళ్లు. ఇప్పుడే వెళ్లు."

అతని ఇల్లు ఆమె వీధికి దగ్గర. కత్తెర మెడలో వేలాడుతుండగానే పరుగెత్తాడట. నాలుగు మెట్ల కింద, స్నానాల గది తలుపు వెనక పడి ఉంది. తుంటి విరిగింది. తలుపుకూ గోడకూ మధ్య ఇరుక్కుపోయి లేవలేకపోయింది. ఫోను పైన గదిలో, మంచం మీద. ఎన్నాళ్లు అలా పడి ఉందో డాక్టరు అంచనా కట్టి చెప్పాడు. నేను ఆ మాట ఇక్కడ రాయను. ఆ అంచనా కట్టాల్సిన అవసరం ఎందుకొచ్చిందో మాత్రం రాస్తున్నాను.

బతికే ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్లారు. గేటు దాకా మా దర్జీ, గేటు లోపల ఎవరూ లేరు. కాంపౌండరు గారు మాస్కు కట్టుకుని, తన పాత గుర్తింపు కార్డు పట్టుకుని వెళ్లాడు. జీవితమంతా పనిచేసిన ఆసుపత్రి. "ఒక్క గంట కూర్చుంటానయ్యా, నాకేం వచ్చినా మీ పూచీ లేదు" అని కాపలావాణ్ని బతిమాలాడట. నియమం నియమమే. కాంపౌండరు గారు గోడ వెంట తిరిగి తిరిగి, ఏ కిటికీ వెనక ఆ మంచముందో తెలుసుకుని, రోడ్డు మీద సిమెంటు దిమ్మె మీద చీకటిపడేదాకా కూర్చున్నాడు. "ఆమెకు తెలియదు చెల్లెమ్మా, నేనున్నట్టు" అన్నాడు నాతో. ఎప్పుడూ నవ్వించే గొంతు అది.

రెండోనాటికి పోయింది. ఒంటరిగా. మా సంఘం పుట్టిందే అలాంటి మంచం పక్కన కూర్చోవడానికి.

వదిన ముందు గదిలో ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ప్రెసిడెంటు గ్రూపులో కబురు పెట్టాడు. కింద వరసగా దండం పెడుతున్న చేతులు. పేర్లు వేరు, చేతులన్నీ ఒకే అచ్చు. ఆ చేతుల కింద ఆమె ఎలా పోయిందో, చివర్లో పక్కన ఎవరున్నారో ఒక్కరూ అడగలేదు. అందరికీ అందింది, అంతే.

"నువ్వు వరండాలో చదువుకునేది నేను రికార్డు చేసేదాన్ని" అంది వదిన. నా వైపు చూడకుండా అంది. "రోజూ. నీకు తెలియకుండా."

"ఎందుకు?"

"బాగుంటుందని. బడికి పోని పిల్ల ఎలా చదువుతుందో వినండర్రా అని నలుగురికీ వినిపిద్దామని. నువ్వు జ్వరంతో పడుకుంటే కథ ఆగిపోతుందని ఆయనంటే, నువ్వు ముందే చదువుకున్న అధ్యాయాలు పంపాను. తప్పా?"

"గేటమ్మకు అందిందా?"

"ఆమె ఫోనుకు ఇవి రావు కదా. ఎవరో ఒకరు చెబుతార్లే అన్నాడు ఆయన."

"ఎవరో ఒకరు ఎందుకు చెబుతారు వదినా? కథ మొత్తం ఇంటికొచ్చి పడ్డాక ఆమెతో పనేముంది ఎవరికైనా?"

"నేనేం కావాలని చేశానా? మెట్ల మీంచి నేను తోశానా?"

"నేనడిగాను. మంచం మీంచి అడిగాను. అందుతున్నాయన్నావు."

"అందరికీ అన్నాను."

"ఆమె అందరిలో లేదా?"

నాకు కోపం ఆగలేదు. ముప్పావు జీవితం మనుషుల్ని కలపడమే ఉద్యోగంగా చేసిన దానివి, ఒక్క లైను తెగితే నీకు తెలియలేదా అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆవిడ తమ్ముడి మీద కూడా ఒక మాట అన్నాను, పోయిన మనిషి మీద. వెనక్కి తీసుకోవాలని ఇప్పటికీ అనిపించదు. ఆ రోజు ఆ ఇంట్లో కోపం తప్ప నా దగ్గర వేరే సామానేదీ లేదు.

మర్నాటి నుంచి వంటింట్లో రెండు పొయ్యిలు. ఆవిడ కిటికీ వైపు, నేను తలుపు వైపు. చిన్న గది, ఇద్దరం వెన్నుకు వెన్ను ఆనించుకున్నట్టే వండుకునేవాళ్లం. ఒకరి గిన్నె మూత జారితే ఇంకొకరి చెయ్యి అలవాటుగా ముందుకు వచ్చి, వెనక్కి పోయేది. వదిన పాల ప్యాకెట్టుకు వెళితే నేను గుమ్మంలో నిలబడటం మానేశాను. లోపల కుర్చీలో కూర్చుని చెప్పుల చప్పుడు వినేదాన్ని. మలుపు దగ్గర ఆవిడ ఆగిందో లేదో నాకు తెలియదు.

పుస్తకం మూసేశాను. కథ చివరి అధ్యాయం దగ్గర ఆగిపోయింది. సభ్యులు ఒక్కొక్కరే ఫోను చేసి, మొదట గేటమ్మ గురించి రెండు మాటలు మాట్లాడి, ఆ తర్వాత మెల్లిగా, "ఓడను ముంచింది గుమాస్తాయేనా అమ్మా?" అని అడిగేవాళ్లు. గేటమ్మ కూడా బతికుండగా ఒకరోజు అడిగింది, ముందే చెప్పేయమని. చివరిదాకా ఆగు అన్నాను. ఎవరడిగినా తర్వాత మాట్లాడదాం అని పెట్టేసేదాన్ని.

వానలు పడ్డాయి. జ్వరాలు తగ్గాయి. హాలు తాళం తీశారు. కుర్చీల మీద దుమ్ము దులిపి, కిటికీలు తెరిచి, తొలి సమావేశం పెట్టారు. ప్రెసిడెంటు కొత్త చొక్కాలో వచ్చాడు. మూలన గేటమ్మ ఎప్పుడూ కూర్చునే కుర్చీలో ఎవరో తడిసిన గొడుగు పెట్టారు. కాంపౌండరు గారు దాన్ని తీసి బయట పడేసి వచ్చాడు.

ప్రెసిడెంటు లేచి, ఇంత కష్టకాలంలో కూడా మన సంఘంలో ఒక్కరోజు కూడా సందడి ఆగలేదన్నాడు. పోటీల్లో ఎంతమంది పాల్గొన్నారో చెప్పాడు. మధ్యలో గేటమ్మ కోసం ఒక నిమిషం మౌనం పాటించాం. నిమిషం పూర్తిగా కాకుండానే ఆయన గొంతు సవరించుకున్నాడు. తర్వాత సభ్యుల ఉత్సాహం నిలబెట్టినందుకు నాకు ప్రశంసాపత్రం అన్నాడు. అద్దం బిగించిన చట్రంలో ఉంది అది. వదిన వెనక వరసలో కూర్చుంది. ఒకే ఇంట్లోంచి వేరువేరుగా నడిచి వచ్చాం.

నేను ముందుకు వెళ్లాను. చట్రం తీసుకోలేదు. సంచిలోంచి పుస్తకం తీశాను.

"నాయనా, నీ కత్తెర ఇలా ఇవ్వు" అన్నాను దర్జీతో.

అతను ఏమీ అడగకుండా మెడలోంచి తీసిచ్చాడు. పుస్తకాన్ని బల్ల మీద బోర్లా పెట్టి, వీపు దగ్గర దారం తెంపాను. పుస్తకం అంటే నాకు ప్రాణం. కాలు తగిలితే కళ్లకద్దుకునేదాన్ని. పొట్లం కాగితాన్ని కూడా చదవకుండా పారేసి ఎరగను. అలాంటిది నా చేత్తోనే కత్తెర వేశాను. అంత కోపం ఉంది అందులో. దారం తెగి, చివరి అధ్యాయం వదులై ఊడివచ్చింది. దాన్ని పేజీలు పేజీలుగా విడదీశాను.

"అమ్మగారూ, అయ్యో, ఇదేంటండీ" అంటూ ప్రెసిడెంటు దగ్గరికొచ్చాడు. "పోనీ, ఇలా ఇవ్వండి. మొత్తం ఫొటోలు తీసి గ్రూపులో పెడతాను, అందరికీ..."

"సార్," అన్నాడు దర్జీ, కూర్చున్నచోటు నుంచే. "ఆ ఫోను జేబులో పెట్టుకోండి."

పెట్టుకున్నాడు.

మొదటి ముక్క దర్జీ చేతికిచ్చాను. రెండోది కాంపౌండరు గారికి. ఒక్కొక్కరి దగ్గరికీ నడిచి వెళ్లి ఇచ్చాను. "మిగతా కథ కావాలంటే మిగతావాళ్ల ఇళ్లకు వెళ్లండి. లేకపోతే ఫోను చేసి నోటితో అడగండి, నోటితో చెప్పండి" అన్నాను. కాగితం ఎవరి చేతిలో పడినా, ఏదో బరువైన వస్తువు ఇచ్చినట్టు రెండో చెయ్యి కూడా అడ్డం పెట్టి తీసుకున్నారు.

"మరి నాకండీ?" అన్నాడు ప్రెసిడెంటు. పాపం, నిజంగానే అడిగాడు.

"మీకు అన్నీ అందుతాయి కదండీ."

చివరి ముక్క మిగిలింది. వెనక వరస దాకా నడిచి వెళ్లి, వదిన ఒళ్లో పెట్టాను. ఆవిడ మొహం చూడలేదు. హాలు వైపు తిరిగి చెప్పాను.

"చివరి ముక్క గేటమ్మది. ఇకనుంచి మా వదిన దగ్గరుంటుంది. కావలసినవాళ్లు ఆవిడను అడగండి. అది ఆవిడ దగ్గరికి ఎందుకొచ్చిందో ముందు ఆవిడే చెబుతుంది. ఆ తర్వాతే చదువుతుంది."

నేను గొడుగు వేసుకుని ఇంటికి వచ్చేశాను.

సాయంత్రం వంటింట్లో నా పొయ్యి దగ్గర నేనున్నాను. ముందు గదిలో వదిన ఫోను మోగింది. చాలాసేపటికి ఎత్తింది. అవతల దర్జీ అని తెలుస్తూనే ఉంది.

"ఆఁ, నా దగ్గరే ఉంది" అంది వదిన. "చెబుతాను. ముందు ఇది వినాలి నువ్వు. ఇది గేటమ్మ ముక్క. ఆమె మెట్ల కింద పడి ఉన్నప్పుడు నేను..." నేను గరిటె తిప్పడం ఆపేశాను. "నేను ఆమె లైను తెంపేశానయ్యా. తెలియకే తెంపాను. తెంపడం మాత్రం నేనే." తర్వాత కాగితం చప్పుడు. కళ్లజోడు వెతుక్కున్న చప్పుడు. మెల్లిగా, నా అంత బాగా కాకుండా, చదవడం మొదలుపెట్టింది. సరంగు భార్య కంపెనీ గదిలోకి వెళ్లడం, బల్ల వెనక మనిషి లేచి నిలబడటం.

"గుమాస్తాయేనయ్యా" అంది చివరికి. "గేటమ్మ మొదట్నుంచీ అంటున్నదే."

ఫోను పెట్టేసింది. నా కోపం ఎక్కడికీ పోలేదు. పొయ్యి మీద గిన్నెలా అక్కడే ఉంది, వేడిగా. ఈ మాట రాస్తున్నప్పుడు కూడా ఉంది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి కాంపౌండరు గారై ఉంటాడు. మోగుతూనే ఉంది. వదిన ఎత్తడం లేదు. మళ్లీ మొదటి నుంచీ, మళ్లీ ఆ మాటే చెప్పాలి కదా. ఆవిడ ఏడుస్తోందని గోడ ఇవతలికి తెలుస్తోంది. మోగి మోగి ఆగిపోయే ఫోను ఎలా ఉంటుందో నాకు తెలుసు.

"ఎత్తు" అన్నాను, గోడ వైపు చూసి.

ఆ గొడవ తర్వాత మా వదినతో నేనన్న మొదటి మాట అదే. ఆవిడ ఎత్తింది.